తెల్ల కార్డులు, గులాబీ కార్డులు

ఈ పనికి కావలసిన బుద్ధి నాకు భగవంతుడు ఇచ్చాడు. ఓపిక మాత్రం నర్సింగరావు గారి దగ్గర నేర్చుకున్నాను. ఇద్దరికీ నమస్కరించి మొదలుపెడుతున్నాను.

మా పారాయణ గోష్ఠికి వచ్చే యువకుల్లో కొందరు ఇప్పుడు కంప్యూటర్ల లోపలి ప్రోగ్రాములు రాసే ఉద్యోగాల్లో చేరారు. పారాయణం అయ్యాక ప్రసాదం తింటూ "మీ కాలంలో కెర్నల్ ఎలా రాసేవారండీ?" అని అడుగుతుంటారు. నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఏ హోదాలో దిగిపోయానో వాళ్లకు అక్కర్లేదు. నాకూ అక్కర్లేదు. ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలని ఉంది. ఒకే ప్రోగ్రాము రకరకాల యంత్రాల మీద నడవాలంటే, అందులో ఏది అందరిదో, ఏది ఒక్క యంత్రానిదో విడదీసి సర్దుకోవడం. వినడానికి ఇల్లు సర్దుకున్నంత చిన్న పని. ఆ సర్దుబాటులో ఒక మనిషి ఇల్లు కదిలిపోయే పరిస్థితి వచ్చింది కాబట్టి నాకది చిన్న పనిగా ఎప్పుడూ తోచలేదు.

మా ఆఫీసు, మా పని

మా కంపెనీ కంప్యూటర్లు తయారుచేసేది. ఫ్యాక్టరీ ఊరి బయట. ప్రోగ్రాములు రాసే మమ్మల్ని మాత్రం అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, కుట్టుమిషన్ల దుకాణం పైన ఒక కిరాయి మేడలో కూర్చోబెట్టారు. ఎండాకాలంలో యంత్రం ఉన్న గదికి మాత్రమే చల్లదనం. ఏదో ఒక సాకుతో అందరం ఆ గదిలోకే పోయేవాళ్లం.

అప్పటి యంత్రానికి తెర లేదు. ఇనుప బీరువాల వంటి పెట్టెలు, టకటకలాడే ఒక టైపు యంత్రం, అంతే. ప్రోగ్రాములోని ఒక్కో వాక్యానికి చిల్లులు కొట్టిన ఒక్కో అట్ట కార్డు. కార్డులన్నీ వరుసగా పొడవాటి ఇనుప ట్రేల్లో ఉండేవి. ట్రే చెయ్యి జారి కిందపడితే ఆ పూటకి మనశ్శాంతి కూడా పడినట్టే.

మేం రాసేది యంత్రాన్ని నడిపించే మూల ప్రోగ్రాము. అప్పుడు దాన్ని సూపర్వైజర్ అనేవాళ్లం, ఇప్పుడు కెర్నల్ అంటున్నారు. పదిమంది ఉన్న ఇంట్లో వంటింటి పెత్తనం ఉన్న ఇల్లాలిని తలచుకోండి. ఎవరికి ముందు వడ్డించాలి, ఎవరిని ఆగమనాలి, వాకిట్లో ఎవరో పిలిస్తే చేతిలో గరిటె ఎక్కడ పెట్టి వెళ్లాలి, తిరిగొచ్చి ఏ పని దగ్గర అందుకోవాలి, అన్నీ ఆవిడకే తెలియాలి. కెర్నల్ చేసేది అదే. మిగతా ప్రోగ్రాములు విస్తరి ముందు కూర్చుని తింటాయి.

నర్సింగరావు గారు

మొదటి యంత్రానికి ఆ మూల ప్రోగ్రాము మొత్తం రాసింది నర్సింగరావు గారు. బేగం బజార్‌లో మసాలా దినుసుల టోకు వ్యాపారం చేసే కుటుంబం వాళ్లది. దుకాణం అన్నదమ్ములకు వదిలి ఆయన చదువులో పడ్డారు. అయినా దగ్గరికి వస్తే జీలకర్ర వాసన వచ్చేది. చదువంతా ఉర్దూలో సాగడం వల్ల లెక్క ఉర్దూలోనే వేసేవారు. నన్ను పేరు పెట్టి ఎప్పుడూ పిలవలేదు. "పంతులూ" అనేవారు.

"పంతులూ, నువ్వు రాసిన కార్డులు మంచిగనే ఉన్నయి గని, మంత్రాల లెక్క పొడుగున్నయి. యంత్రానికి గంత ఓపిక ఉంటదా?"

"మంత్రం పొడుగైతే ఫలం ఎక్కువండీ."

"ఫలం నీకు. మెమరీ నాది."

అది నిజమే. అప్పటి యంత్రంలో చోటు పిసినారి పెట్టినట్టుండేది. ఆయన ఒక్క వాక్యంతో రెండు పనులు చేయించేవారు. ఎలా చేయించారో చెప్పమంటే నవ్వి చాయ్ తాగడానికి తీసుకుపోయేవారు. ఆ ప్రోగ్రాము ట్రేలో సగం ఉంటే ఆయన తలలో సగం ఉండేది. ఇది పొగడ్తగా చెప్పడం లేదు. తలలో ఉన్న ప్రోగ్రాము ఎంత గొప్పదైనా సంస్థకు సొంతం కాదు. ఇది ఆయనకూ తెలుసు.

ఆయనకు ఒక్కతే కూతురు, సరళ. పుట్టుకతోనే వినపడదు. మూసీ అవతల వినపడని పిల్లల బడి ఒకటుండేది, అందులో చదువుతోంది. అక్కడ టీచరు పిల్ల అరచేతిని తన గొంతు మీద పెట్టుకుని మాట పలికేది. ఆ అదురు చేతికి తెలిస్తే, అదే అదురు తన గొంతులో వచ్చేదాకా పిల్ల ప్రయత్నించాలి. ఏళ్ల తరబడి చేసే తపస్సు అది. నేను చెబుతున్న కాలానికి ఆ పిల్ల నోట ఒకటీ రెండూ మాటలు రావడం మొదలైంది.

"మొన్న 'నానా' అన్నది పంతులూ. మా ఆవిడ నమ్మలే. మళ్ల అను బిడ్డా అంటే అనలే. గని నేను విన్న" అన్నారు ఒకరోజు, యంత్రం గదిలో. అంతవరకూ ఆయన ఇంటి సంగతి నాకు తెలియదు.

నకలు తీయించిన రోజులు

మా పై అధికారి వేంకటరత్నం గారు గుంటూరు వైపు మనిషి. నిజాయితీపరుడు, మాట మీద నిలబడేవాడు. తొందర ఆయన జబ్బు. ఇలాంటి పై అధికారులు మీకూ తగులుతారు, భయపడకండి. తొందరపడేవాడితో పని చేయవచ్చు. తప్పు ఒప్పుకోనివాడితోనే చేయలేం. వేంకటరత్నం గారు మొదటి రకం.

డెబ్భైల మధ్యలో ఫ్యాక్టరీ రెండో యంత్రాన్ని తయారుచేసింది. పాతదానికంటే వేగం, చోటు ఎక్కువ, లోపలి పద్ధతులు వేరు. ఈలోగా మేం ఒక చిన్న భాష తయారుచేసుకున్నాం. అందులో రాస్తే, ఒక అనువాద ప్రోగ్రాము ఏ యంత్రానికి కావలసిన ఆదేశాలను ఆ యంత్రానికి తగ్గట్టు మార్చి ఇచ్చేది. నర్సింగరావు గారి ప్రోగ్రాములో చాలా భాగం ఆ భాషలోకి ఎక్కింది. కొంత ఎక్కలేదు, యంత్రం సొంత ఆదేశాల్లోనే ఉండిపోయింది.

"ఏముందయ్యా, మొత్తం ట్రేలన్నీ నకలు కొట్టించండి. ఒక జత పాతదానికి, ఒక జత కొత్తదానికి. కొత్త జతలో కావలసినవి మార్చుకోండి" అన్నారు వేంకటరత్నం గారు.

పాత జత నర్సింగరావు గారికి, కొత్త జత నాకు, సుగుణకు వచ్చింది. సుగుణ కాచిగూడ అమ్మాయి, మా దగ్గర కొత్తగా చేరింది, చురుకైనది. కొంతకాలం అంతా బాగానే ఉంది. ఒక తప్పుతో దాని లోపం బయటపడింది. యంత్రం లోపలి గడియారం లెక్క నిండిపోయి మళ్లీ సున్నా దగ్గర మొదలైనప్పుడు, "ఇంతసేపటికి లేపు" అని చెప్పి పడుకున్న ప్రోగ్రాములు మరి లేచేవి కావు. పాత యంత్రంలో నర్సింగరావు గారు అది కనిపెట్టి ఎప్పుడో సరిచేశారు. మాకు చెప్పాలని ఆయనకు తోచలేదు, అడగాలని మాకు తోచలేదు. కొత్త యంత్రం ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కొలిమి వేడి ఎప్పటికప్పుడు అచ్చు వేస్తుండగా అదే తప్పుతో మూగబోయింది. అక్కడి పనివాళ్లు అనుభవజ్ఞులు కాబట్టి మంట రంగు చూసి కొలిమి నడుపుకున్నారు. భగవంతుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

నకలు తీసిన రోజు రెండూ ఒకటే. ఆ మర్నాటి నుంచి దాయాదులు. ఒకరింట్లో ఏం జరిగిందో రెండో ఇంటికి తెలియదు.

దాంతో వేంకటరత్నం గారు రెండో కొసకు వెళ్లారు. "అన్నీ ఒకే ట్రేలో కలిపేయండి. పాత యంత్రానికి మాత్రమే పనికొచ్చే కార్డు గులాబీ రంగుది వాడండి, కొత్తదానికి ఆకుపచ్చ, రెంటికీ చెల్లేది తెల్లది. అనువదించేటప్పుడు అక్కర్లేనివి వదిలేయమనండి." చెప్పినప్పుడు చక్కగా వినిపించింది. ఆరేడు నెలలకు ట్రే పైనుంచి చూస్తే పెళ్లి పందిరి కాగితాల్లా ఉంది. నాలుగు తెల్లవి, ఒక గులాబీ, రెండు ఆకుపచ్చ, మళ్లీ ఒక తెల్లది. "పాతదైతే ఇలా, కొత్తదైతే అలా" అన్న షరతు ప్రతి మలుపులోనూ. ఒక వాక్యం అర్థం కావాలంటే రెండు యంత్రాలూ తలలో పెట్టుకోవాలి. కొత్తదానికని సుగుణ పొరపాటున వేసిన తెల్ల కార్డు ఒకటి పాత యంత్రాన్ని అసలు మొదలే కానివ్వలేదు.

"నీ తప్పు కాదు బిడ్డా" అన్నారు నర్సింగరావు గారు ఆ అమ్మాయితో. "పప్పుల బియ్యం కలిపినంక రాయి ఏది, గింజ ఏది? ఎవరేరుతరు?"

బదిలీ కబురు

ఇలా అయ్యాక పైవాళ్లకు విసుగొచ్చింది. పాత యంత్రానికి ఇకమీద కొత్త ప్రోగ్రాములు ఇవ్వకూడదని, నర్సింగరావు గారిని ఉత్తరాదిలో ఒక ప్రాజెక్టు స్థలానికి పంపాలని నిర్ణయం జరిగింది. అక్కడ క్వార్టర్లు, ఆసుపత్రి, మామూలు బడి ఉన్నాయి. వినపడని పిల్లల బడి చుట్టుపక్కల ఎక్కడా లేదు.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. అరవై తొమ్మిది తెలంగాణ గొడవలు జరిగి ఎన్నో ఏళ్లు కాలేదు. నగరం మనిషి రాసిన యంత్రాన్ని ఆపేసి, ఆ మనిషినే ఊరు దాటించి, కోస్తా నుంచి వచ్చిన నా చేతికి కొత్తది ఇవ్వడం ఎలా కనబడుతుందో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. నర్సింగరావు గారు అసలే అనలేదు. వేంకటరత్నం గారి మనసులో అలాంటి లెక్క లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను. లేకపోతే మాత్రం ఏం, దెబ్బ తగిలేచోట తగులుతుంది.

"పోనని రాసిస్తే?" అని అడిగాను.

"నౌకరీ పోతది. దుకాణంల కూసోని మిరపకాయల ధర చెప్పుకుంట బతకొచ్చు, నాకేం ఫికర్ లేదు. గని బడి ఖర్చు, పిల్లను తీస్కపోయి తీస్కొచ్చే మనిషి, గివన్నీ అన్నదమ్ముల మీద పడ్తయి. ఎన్నొద్దులు పెడ్తరు పంతులూ వాళ్లు మాత్రం?"

"ఇంట్లో ఏమంటున్నారు?"

"ఆమె ఏమంటది. పిల్లను ఇక్కడ హాస్టల్ల ఇడిసి పోదమన్న. 'నోరు తెర్సుడు గిప్పుడే నేర్సింది, గిప్పుడే ఇడ్సిపోతరా' అన్నది."

గోత్రం దగ్గర ఆగే చోటు

ఆ ఆదివారం మా గోష్ఠిలో సామూహిక వ్రతం. మా కుటుంబం కృష్ణకు దక్షిణపుటొడ్డు నుంచి బయలుదేరి, నాన్నగారి ఉద్యోగం వెంట కర్నూలు మీదుగా యాభై ఆరులో ఇక్కడికి చేరింది. అదే దారిన వచ్చినవాళ్లు, వేరే జిల్లాల వాళ్లు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్లు, అందరూ నాంపల్లిలో గోష్ఠి జరిగే హాల్లో కలిసేవారు. అలవాట్లు వేరు, పీటలు వేసుకునే తీరు వేరు. అయినా పురోహితుడు ఒక్కడే, చెప్పేది ఒక్కసారే. సంకల్పంలో ఒకచోట ఆగి, "మీ మీ గోత్రం, పేరు చెప్పుకోండి" అంటాడు. ఎవరిది వారు మనసులో చెప్పుకుంటారు. ఆయన మళ్లీ అందుకుంటాడు. ఇన్ని గోత్రాలు ఆయనకు తెలియనక్కర్లేదు. ఎక్కడ ఆగాలో తెలిస్తే చాలు. ఆగినప్పుడు చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంటే చాలు.

చిన్నప్పటి నుంచి వింటున్న మాటే అది. ఆ రోజు చేతిలో అక్షతలు పట్టుకుని అక్కడే ఆగిపోయాను. మా ట్రేల్లో పురోహితుడు అందరి గోత్రాలూ తానే చదువుతున్నాడు. "మీరు ఫలానావారైతే ఇది, ఫలానావారైతే అది" అని ప్రతి మంత్రం దగ్గరా తడుముకుంటున్నాడు. అందుకే పూజ సాగడం లేదు.

దీని వెంటే ఇంకొకటి తట్టింది. శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉన్నామో సంకల్పంలో చెప్పుకుంటాం. మా ఊళ్లో ఈశాన్యం. ఇక్కడికి వచ్చిన కొత్తలో నాన్నగారు వినాయక చవితినాడు అలవాటుగా ఈశాన్యమే అన్నారు. పక్కింటి పెద్దాయన విని, "అయ్యగారూ, మీరు గీడ కూసోని గాడి అడ్రసు చెప్తున్నరు, దేవుడు మీ పాతింటికి పోతడు" అన్నాడు. నాన్నగారు నవ్వేసి వాయవ్యం అని సరిదిద్దుకున్నారు. అన్నేళ్లూ ఆ మాట ఊరితో మారేదని ఆయనకు తట్టలేదు, ఎందుకంటే కర్నూలులో ఉన్నప్పుడూ పండగలకు సొంతూరే వెళ్లేవారు. యంత్రం ఒక్కటే ఉన్నన్నాళ్లు ఏది యంత్రం సంగతో, ఏది ప్రోగ్రాము సంగతో ఎంత తెలివైనవాడైనా చెప్పలేడు. రెండోది వచ్చాకే తెలుస్తుంది. నర్సింగరావు గారి ప్రోగ్రాము చిక్కుపడి ఉండడం ఆయన లోపం కాదని అప్పుడు అర్థమైంది.

ముక్కలు చేయడం

సోమవారం ఆయనకు చెప్పాను. తెల్ల కార్డులన్నీ ఒక ట్రే. అందులో షరతు అన్నది ఉండకూడదు, యంత్రం పేరే వినబడకూడదు. యంత్రం సంగతి అవసరమైన చోట ఆగి అడగాలి. గులాబీవి వేరే ట్రే, ఆకుపచ్చవి వేరే ట్రే. అడిగినదానికి జవాబు చెప్పడమే వాటి పని. పాత యంత్రం ట్రే ఒక్కటి బాగుంటే, తెల్ల ట్రేలో జరిగే ప్రతి మంచీ దానికీ అందుతుంది. దాన్ని ఆపేయాల్సిన అవసరమే రాదు. అది ఆగకపోతే మిమ్మల్ని పంపడానికి కారణం ఉండదు.

ఆయన చేతిలోని కార్డు ట్రేలో పెట్టేశారు.

"నేను రాసింది ముక్కలు చేస్తనంటవ్."

"విడదీస్తానంటున్నాను."

"గదే. కోసెటోడు కోస్తున్ననని ఎప్పుడన్న చెప్తడా?" అన్నారు. చివరికి లేచి, "పా, నేనే కోస్త. నీ చేతికిస్తే నరం ఏదో బొక్క ఏదో తెల్వదు" అన్నారు. బొక్క అంటే ఆయన మాటలో ఎముక.

వారాల తరబడి ఒక్కో కార్డు తీసి, ఇది ఎవరిది అని అడుగుతూ పోయాం. సుగుణ ఎదురుగా కూర్చుని వాదించేది. యంత్రం మేల్కొన్నప్పుడు మొదట ఏ చోట కళ్లు తెరుస్తుంది, అది యంత్రం సంగతి. మధ్యలో ఎవరో పిలిస్తే చేతిలో పని ఎక్కడ పెడుతుంది, యంత్రం సంగతి. గడియారం ఎలా కొడుతుంది, యంత్రం సంగతి. ఎవరికి ముందు వడ్డించాలన్నది మాత్రం తెల్ల కార్డు. ఎవరిని ఎంతసేపు నిద్రపోనివ్వాలన్నదీ తెల్ల కార్డే. యంత్రం సంగతి అనుకున్నవి ఎన్నో అందరివని తేలాయి. రెండక్షరాలు మెమరీలో ఒకే గదిలో పడితే ఏది ముందు కూర్చుంటుందన్నది మాత్రం అందరిదే అనుకున్నాం, కాదని తేలింది. మేం రాసుకున్నవి ప్రింటయ్యేసరికి అక్షరాలు తారుమారై సుగుణ పేరు చదవడానికి వీల్లేకుండా వచ్చింది. ఆ అమ్మాయి ఆ కాగితం దాచుకుంది.

ముగిసేసరికి గులాబీ ట్రే అడుగు మాత్రమే నిండింది. నర్సింగరావు గారు దాన్ని చేత్తో ఎత్తి చూశారు.

"గింతేనా పంతులూ నా యంత్రం?"

వేంకటరత్నం గారి ప్రశ్న

పాత యంత్రం, కొత్త యంత్రం ఒకే తెల్ల ట్రేతో నడిచాయి. వేంకటరత్నం గారు సంతోషించారు. మూడు ట్రేలూ చూశారు. గులాబీ ట్రే దగ్గర ఆగి, మామూలు గొంతుతోనే అడిగారు.

"ఇంత కొంచెమే అయితే దీనికి ప్రత్యేకంగా మనిషెందుకయ్యా? సుగుణ చూసుకుంటుంది కదా. నర్సింగరావును అక్కడికే పంపవచ్చు. అక్కడ మనుషులు కావాలి."

మంచి చేద్దామని తెచ్చిన పద్ధతే ఆయన మెడకు చుట్టుకుంది. చక్కగా విడదీసిన పని పల్చగా కనబడుతుంది. చిక్కుగా ఉన్నప్పుడు చూసేది మనిషి విలువ, చిక్కు విప్పాక చూసేది ట్రే మందం. మీరు ఈ ఉద్యోగాల్లో చేరుతున్నవాళ్లు, దీన్ని గుర్తుపెట్టుకోండి. శుభ్రంగా పని చేసినవాడికి ఆ శుభ్రతే సాక్ష్యం చెప్పదు. ఎవరో ఒకరు చెప్పాలి.

సుగుణ చెప్పింది. "సార్, కార్డులు నేను చూస్త. గని గీ కార్డులు ఎందుకు గింత తక్కువున్నయో నాకు తెల్వదు. నర్సింగరావు సార్‌కు తెల్సు."

వేంకటరత్నం గారు నవ్వి, ఆలోచిస్తానన్నారు. ఆలోచించలేదు. బదిలీ కాగితం తయారవుతోందని ఆయన గుమాస్తా ద్వారా తెలిసింది. ఆ రోజుల్లో నేను రోజూ ఉదయం సంధ్య వార్చుకున్నాక ఆ పిల్ల పేరు చెప్పుకుని దణ్ణం పెట్టుకునేవాణ్ణి. మరో పని నా చేతిలో లేదు.

మూడో యంత్రం

ఆ వారంలోనే ఫ్యాక్టరీ నుంచి మూడో యంత్రం నమూనా బొమ్మలు పట్టుకుని వాళ్ల ఇంజనీరు ఒకాయన వచ్చారు. అది ఇంకా కాగితం మీదే ఉంది. మన ప్రోగ్రాము దీని మీద ఎక్కించడానికి ఎంతకాలం పడుతుందని వేంకటరత్నం గారు అడిగారు. నేను నర్సింగరావు గారి వైపు చూశాను. ఆయన బొమ్మలు చూడలేదు. ఇంజనీరును ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు, గులాబీ ట్రే జవాబు చెప్పే ప్రశ్నలే, అదే వరుసలో.

"లేస్తే ఏడ లేస్తది?"

ఇంజనీరు చెప్పారు.

"ఎవరన్న పిలిస్తే, ఇడ్సిపెట్టిన జాగ యాడ రాసుకుంటది?"

"ఒక స్థిరమైన గది ఉందండీ. మీ పాత యంత్రంలో ఉన్నట్టే."

"మంచిది. పిలుపు అందుకోంగనే ఇంకో పిలుపు రాకుండ తలుపు దానంతటదే మూస్కుంటదా, లేకుంటే మేమే మూసుకోవాల్నా?"

"మీరే మూయాలి. ప్రోగ్రాములో ఒక్క ఆదేశం, అంతే కదండీ."

నర్సింగరావు గారు ఉర్దూలో ఏదో లెక్క గొణుక్కున్నారు.

"అయ్యా, నేను తలుపు దాక పోయేలోపల ఇంకోడు పిలిస్తే? మొదటి జాగ మీదనే రెండోది రాస్తది. మొదటోని దగ్గరికి నేను మళ్ల ఎట్ల పోవాలె?"

ఇంజనీరు తల వంచుకుని బొమ్మ చూసుకున్నారు. ఆయన మంచి మనిషి, వాదించలేదు. "ఇది దొరకడం కష్టం. ఎప్పుడో ఒకసారి జరిగేది. యంత్రాలు అమ్మాక జరిగేది" అన్నారు. పిలుపు రాగానే తలుపు దానంతట అదే మూసుకునేలా నమూనా మార్చడానికి ఒప్పుకున్నారు. కాగితం మీద ఉన్నప్పుడు అది రబ్బరుతో చెరిపేంత పని.

ఆయన వెళ్లాక వేంకటరత్నం గారు ట్రేల ముందు నిలబడ్డారు.

"నేను ట్రే మందం మాత్రమే చూశానయ్యా" అన్నారు. "నర్సింగరావూ, ఇకమీద ఏ యంత్రం వచ్చినా ముందు నీ దగ్గరికే. ఆ ప్రాజెక్టుకి వేరే మనిషిని చూస్తాను. కాగితం నేను చించుతాలే."

"చింపేముందు జర నాకియ్యున్రి సార్. మా ఆవిడ చూడకుంటె నమ్మదు" అన్నారు నర్సింగరావు గారు.

ఈ పనిలో చేరేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. అందరిదీ ఒక్కచోట పెట్టండి, ఎవరిది వారి దగ్గర పెట్టండి, మధ్యలో ప్రశ్న స్పష్టంగా ఉంచండి. కార్డులు పోయాయి, మీకు ఫోల్డర్లు వచ్చాయి. ధర్మం మారలేదు. ఆ సరిహద్దు గీసినవాణ్ణి మాత్రం గీత సన్నంగా ఉందని తక్కువ చూడకండి.

శనివారం

మూడో యంత్రం తయారై మా మేడ మీదికి వచ్చేసరికి ఏడాది దాటింది. తెల్ల ట్రేను ముట్టుకోలేదు. నర్సింగరావు గారు పసుపు రంగు కార్డులతో ఒక చిన్న కట్ట రాశారు, అంతే. మొదటిసారి నడిపే రోజు శనివారం. నేను కొబ్బరికాయ కొట్టాను. ఆయన సరళను బడి నుంచి నేరుగా తీసుకొచ్చారు. రెండు జడలు, చేతిలో పలక.

కార్డులు మింగిన యంత్రం కాసేపు ఊరుకుంది. తర్వాత టైపు యంత్రం కదిలి ఒక వరుస కొట్టి ఆగింది. సుగుణ కాగితం చించి చదివింది. అంతా సరిగ్గా ఉంది. వేంకటరత్నం గారు నర్సింగరావు గారి భుజం తట్టారు. మేం పెద్దవాళ్లం మాటల్లో పడ్డాం.

సరళ టైపు యంత్రం దగ్గరికి వెళ్లి దాని మీద అరచెయ్యి ఆనించింది. అది కదలడం లేదు. చెయ్యి తీయకుండానే తండ్రి వైపు తిరిగింది. పెదవులు కూడదీసుకుంది. మెడ నరాలు బిగుసుకున్నాయి.

"మల్లీ" అంది.

మాట అంత స్పష్టంగా లేదు. గదిలో ఉన్న అందరికీ అర్థమైంది. నర్సింగరావు గారు కళ్లు తుడుచుకోకుండానే పోయి మీట నొక్కారు.